పదకొండుమంది సరంగులు

తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

మా బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఎవరికైనా పనిలో చేరి పాతికేళ్లో నలభయ్యేళ్లో నిండితే చిన్న పండగ చేస్తాం. జెండా ఎగరేస్తాం, క్రీము కేకు కోస్తాం, మేనేజరు రెండు ముక్కలు మాట్లాడతాడు, ఆ తర్వాత అందరం కలిసి పాట పాడతాం. ఎవరు ఏ పని చెయ్యాలో జాబితా రాసి నోటీసు బోర్డుకు గుచ్చే బాధ్యత పద్నాలుగేళ్లుగా నాది. కొత్తగా రాసింది మాత్రం ఎప్పుడూ లేదు. పాత కాగితం తీసి, పైన పేరూ తారీఖూ మార్చి, మళ్లీ అచ్చు తీస్తాను. జెండా: ఐవిన్, అంటే నేను. కేకు: క్యాంటీను. కాఫీ: ప్యాకింగ్ వాళ్లు. పాట: బోదిల్. ఈసారి పైన రాసిన పేరు కూడా బోదిల్‌దే, నలభయ్యేళ్లు నిండింది ఆమెకే. గురువారం కాగితం గుచ్చేసి, టోపీ పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయాను.

నాలుగు రోజులు అది బోర్డు మీదే ఉంది. నూట ఇరవైమంది దాని ముందు నుంచే నడిచారు. ఒక్కరికీ తేడా కనిపించలేదు. మా ఊళ్లో పాటంటే బోదిలే, అంతకు మించి ఎవరూ ఆలోచించరు.

డెన్మార్కులో పాట లేకుండా పండగ అవదు. అందరికీ నోటికొచ్చిన పాత వరసకి, పండగ ఎవరిదో వాళ్ల బతుకుని ఎనిమిది చరణాల్లో పెట్టాలి. కొంచెం పొగడాలి, ఎక్కువ ఏడిపించాలి. కాగితాలు అచ్చేసి బల్లల మీద పెడితే అందరూ చూసి పాడతారు. పండగ మనిషి మొహం ఎర్రగా చేసుకుని కూచుని వినాలి. పెళ్లికైనా, యాభై నిండినా, ఉద్యోగం విరమించినా మా చుట్టుపక్కల ఈ చరణాలు రాసేది బోదిలే. ఎవరైనా ఒక వైన్ సీసా ఇస్తే పుచ్చుకుంటుంది, ఇవ్వకపోయినా అడగదు.

రాసే ముందు ఆ మనిషి భార్యకో మొగుడికో అక్కకో ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడుగుతుంది. ఎవరూ చెప్పకుండా తనంతట తాను చేసే పని ఏది. ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకునే పొరపాటు ఏది. ఈ పని కాకపోతే ఏమవుదామనుకున్నాడు. మూడో జవాబు ఆఖరి చరణంలో వస్తుంది. అక్కడికొచ్చేసరికి నవ్వుతున్నవాళ్లు కూడా కాస్త గొంతు తగ్గిస్తారు.

నాకు యాభై నిండినప్పుడు ఆ ఫోను మా ఇంటికీ వచ్చింది. వంటింట్లోంచి మా ఆవిడ విబేకె మాటలు వినపడ్డాయి. మొదటి రెండింటికీ గడగడా చెప్పింది. మూడోదానికి మాత్రం, "ఇతనా? ఏమీ అనుకున్నట్టు లేదు బోదిల్. నేనెరిగినంతలో ఎప్పుడూ అనలేదు" అంది. నేను నొచ్చుకున్నాను గానీ కాదనడానికి నా దగ్గరా ఏమీ లేదు. తీరా పండగ రోజు ఎనిమిదో చరణంలో ఏముంది? ఐవిన్ చిన్నప్పటి నుంచీ పాయ దాటించే బల్లకట్టు మీద సరంగు అవుదామనుకున్నాడట. హాలంతా పగలబడి నవ్వింది. ఆ రోజు నుంచి నేను సరంగు ఐవిన్‌ని. మరుసటి ఏడు అందరూ కలిసి నాకు సరంగు టోపీ కొనిచ్చారు. ఆదివారాలు అది పెట్టుకుని రేవుకి వెళ్లి, కార్లు ఎక్కించుకుని ఆరు నిమిషాల్లో అవతల గట్టుకి పోయే ఆ బల్లకట్టు కేసి చూస్తూ నించునేవాణ్ణి. రెండేళ్లు తిరిగేసరికి అది నిజమేనని నాకే అనిపించింది. మనవలకి కూడా చెప్పాను.

ఇక బోదిల్ ఉద్యోగం సంగతి. ఆమె పని లైటు కింద. పొయ్యిలోంచి బెల్టు మీద వచ్చే వెన్న బిస్కెట్లలో విరిగినవి, మాడినవి, అంచు లేచినవి ఏరి గంపలో పడేయాలి. అవి పందుల దాణాకి పోతాయి. మంచివి నా వైపు, డబ్బాల్లోకి వస్తాయి. ఇరవయ్యో ఏట వేసవి పనికని మూడు వారాలకి వచ్చింది, ఆ మూడు వారాలు ఇంకా పూర్తవలేదు. నేను ఆమె పక్కన చేరి ఇరవై రెండేళ్లు. ఈ ఇరవై రెండేళ్లలో ఆమె ఒక్క బిస్కెట్టు నోట్లో వేసుకోవడం చూడలేదు.

ఇప్పుడా లైటు కింద కెమెరా పెడుతున్నారు. అయితే ఏది దోరగా కాలిందో ఏది మాడిందో కెమెరాకి తెలియదు. ఎవరో ఒకరు దాని పక్కన కూచుని రెండేళ్లు నేర్పించాలి. మంచిదైతే పచ్చ మీట, చెడ్డదైతే ఎర్ర మీట. ఆఫీసు వాళ్లు బోదిల్‌ని అడిగారు. ఉంటే ఈ రెండేళ్లూ కుర్చీలో కూచుని చెయ్యొచ్చు. లేకపోతే నెలాఖరుకి ముందస్తు పింఛను పుచ్చుకుని వెళ్లిపోవచ్చు. ఏదో ఒకటి శుక్రవారం లోపల చెప్పాలి. పండగ కూడా ఆ శుక్రవారమే.

ఇంకో కాగితం గురించి కూడా చెప్పాలి. ఏటా ఒకసారి ఆఫీసు నుంచి వస్తుంది. మీ పని మీకు తృప్తినిస్తోందా అని ప్రశ్న, పక్కనే ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు, వాటి పక్కన ఏడుపు మొహాలూ నవ్వు మొహాలూ. మేమంతా నాలుగు వేస్తాం. అయిదు వేస్తే గొప్పలు పోతున్నాడంటారు. మూడు వేస్తే మేనేజరు ట్రోల్స్ గదిలోకి పిలిచి, కాఫీ పోసి, "ఏమైంది, మాట్లాడుకుందామా" అంటాడు. ముప్పై నాలుగేళ్ల కుర్రాడు, మంచివాడే. ఆ కాఫీ తాగడం కంటే నాలుగు వెయ్యడం సుఖం. ప్రపంచంలో సంతోషంగా ఉండే జనంలో మేం ముందుంటామని పేపర్లు రాసినప్పుడల్లా నాకు ఆ నాలుగే గుర్తొస్తుంది.

సోమవారం పొద్దున కాఫీ వేళ బోర్డు ముందు నించుని రొట్టె తింటుంటే నా జాబితా నా కంటబడింది. తల కొట్టేసినట్టయింది. రొట్టె అక్కడే వదిలేసి బోదిల్ దగ్గరికి పరిగెత్తాను.

"బోదిల్, ఆ జాబితా చూశావా?"

"గురువారమే చూశా."

"మరి చెప్పవేం? నేను పాత కాగితం తీసి..."

"తెలుసులే. నువ్వు ఎప్పుడూ పాత కాగితమేగా."

"ఇప్పుడే చించేస్తా."

"చించకు. మొదలెట్టేశాను." ఆమె కళ్లు బెల్టు మీదే ఉన్నాయి. మాడినదొకటి తీసి గంపలో వేసింది. "శనాదివారాలు రెండ్రోజులూ కూచున్నా. రెండు చరణాలొచ్చాయి. ఒకటి ఇక్కడ చేరిన రోజు గురించి, ఒకటి పెళ్లి గురించి. ఆ తర్వాత ఏం రాయాలో తోచలేదు."

"నీకు తోచకపోవడమేంటి? చెత్తబండి నడిపేవాడి మీద తొమ్మిది రాశావు."

"వాడికి చాలా ఉంది ఐవిన్. పావురాలు పెంచుతాడు."

"అలిసిపోయుంటావు" అన్నాను.

"నేనూ ఇన్నాళ్లూ అదే అనుకున్నా. అలసటైతే పడుకుంటే పోవాలి కదా." కాసేపు ఏరుకుంటూ ఉండి, "మిగతావి నువ్వు రాయి" అంది.

"నేనా? పుట్టినరోజు కార్డు మీద సంతకం పెట్టడానికే నాకు అరగంట పడుతుంది."

"తప్పు చేసింది నువ్వేగా."

వెళ్తూ వెళ్తూ అడిగాను, ఆఫీసుకి ఏం చెప్తున్నావని.

"ఉండిపోతాననే చెప్తానేమో. ఉండిపోతే ఇంకేం ఆలోచించక్కర్లేదు. ఆ కుర్చీ మెత్తగా ఉంటుందన్నారు" అంది. ఆ మాట నాకు నచ్చలేదు. నేనైనా అదే అందును గనక అసలు నచ్చలేదు.

మంగళవారం రెండింటికి షిఫ్టు దిగి బోదిల్ ఇంటికి వెళ్లాను. ఆమె డాక్టరు దగ్గరికి వెళ్లే రోజది. మొగుడు హెర్లుఫ్ పెరట్లో గాజు పందిరి కింద టమాటా మొక్కలు కడుతున్నాడు. పైపుల పని చేసి విరమించాడు, నెమ్మదస్తుడు. బోదిల్ పద్ధతిలోనే మూడు ప్రశ్నలూ అడిగాను.

"ఎవరూ చెప్పకుండా ఏం చేస్తుందంటే, పాటలు రాస్తుంది" అన్నాడు. మళ్లీ తనే సందేహంలో పడ్డాడు. "కానీ అవి ఎవరో ఒకరు చెప్తేనే కదా రాసేది. అది లెక్కకి రాదేమో."

"సరే, నవ్వుకునే పొరపాటు?"

"మా అమ్మ వేసిన తులిప్ పూల మీదకి కారు వెనక్కి పోనిచ్చింది. పెళ్లైన మొదటి వారం. మా అమ్మ చనిపోయేదాకా ఆ మాట ఎత్తుతూనే ఉంది."

"ఈ పని కాకపోతే ఏమవుదామనుకుంది?"

హెర్లుఫ్ చేతిలో తాడు అలాగే ఉండిపోయింది. చివరికి, "నాకు తెలీదు" అన్నాడు.

"ముప్పై ఆరేళ్ల కాపురంలో ఒక్కసారీ అడగలేదా?"

"ఆవిడ అందర్నీ అడుగుతుందిగా. ఆవిణ్ణి కూడా ఎవరో ఒకరు అడిగే ఉంటార్లే అనుకున్నా."

అతణ్ణి తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. పక్కన నించుని ఇరవై రెండేళ్లు డబ్బాలు నింపినవాణ్ణి, నేను మాత్రం అడిగానా? హెర్లుఫ్ లోపలికి వెళ్లి నాలుగు పెద్ద బిస్కెట్టు డబ్బాలు మోసుకొచ్చాడు. మా ఫ్యాక్టరీవే. నిండా పాటలు. ఇన్నేళ్లుగా రాసిన ప్రతి పాటా ఒక కాపీ దాచిందట. "వరస ఎలా కుదర్చాలో చూసుకో. పండగయ్యాక తెచ్చిచ్చెయ్" అన్నాడు.

బుధవారం మధ్యాహ్నమంతా మా భోజనాల బల్ల మీద పరుచుకుని చదివాను. నా ఉద్దేశం ఒకటే, నాలుగు మంచి పంక్తులు దొరికితే దొంగిలించి బోదిల్ పేరు తగిలించడం. ఆవిడ పాటలు ఎంత బావున్నాయో అప్పుడే తెలిసింది. పాడేటప్పుడు నవ్వుల్లో పడి మేం ఎవరం పట్టించుకోలేదు. పోస్టుమాస్టరుకి నాట్యం నేర్చుకోవాలని ఉండేదట. బడిలో లెక్కలు చెప్పే ఆవిడ గుర్రాల డాక్టరు అవుదామనుకుందట. ఊరు ఊరంతా వేరే ఊరై ఆ డబ్బాల్లో ఉంది.

మూడో డబ్బాలో రొట్టెల కొట్టు పెద్దాయన అరవయ్యో పుట్టినరోజు పాట దొరికింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆఖరి చరణంలో, ఆయన చిన్నప్పటి నుంచీ బల్లకట్టు మీద సరంగు అవుదామనుకున్నాడని ఉంది. నాకు ఒళ్లు మండింది. నా చరణం పాతదా? నాకు మిగిలిపోయినది వడ్డించిందా? కోపంతో మళ్లీ మొదటి డబ్బా నుంచి ఆఖరి చరణాలే చూసుకుంటూ వచ్చాను. బడి వంటమనిషి, సరంగు. ట్రోల్స్ వాళ్ల నాన్న, సరంగు. చర్చిలో గంట కొట్టే ఆయన, ఎప్పుడూ నోరు విప్పని వడ్రంగి, మా ప్యాకింగ్ వాళ్లలో ఇద్దరు, ఇంకో ముగ్గురు. నాతో కలిపి పదకొండుమంది. అందరి పాటల్లోనూ తాడు విప్పడం ఉంది, అవతలి గట్టు ఉంది, ఆరు నిమిషాలు ఉన్నాయి. మాటలు మాత్రం ప్రతిసారీ కొత్తవి. తిరగరాసిన ప్రతిసారీ ఇంకా బాగా రాసింది.

రొట్టెల కొట్టాయన భార్య అస్టాకి ఫోన్ చేశాను. ఎనభై దాటింది గానీ మాట గట్టిది.

"సరంగా? మా ఆయనా?" అంది. "ఆయనకి నీళ్లంటే చచ్చేంత భయం. స్నానాల తొట్టిలో కూడా మోకాళ్ల పైకి నీళ్లు పట్టనిచ్చేవాడు కాదు."

"మరి బోదిల్‌తో ఏం చెప్పావు అప్పుడు?"

"తెలీదనే చెప్పా. నిజంగానే తెలీదు. పండగ రోజు ఆ చరణం విని నేనే తెల్లబోయా. కానీ ఆయన ఎంత మురిసిపోయాడో తెలుసా, అందుకే ఊరుకున్నా. నీకెందుకిప్పుడు?"

ఊరికే అని పెట్టేశాను. విబేకె అప్పటికి వచ్చి నా వెనక నించుంది. "నేనూ ఏమీ చెప్పలేదుగా ఆ రోజు" అంది నెమ్మదిగా. ఇంట్లోవాళ్లకి జవాబు తెలియని ప్రతి మనిషికీ బోదిల్ ఒకటే జవాబు ఇచ్చింది. దాన్ని ఎక్కణ్నుంచి తెచ్చిందో ఇంకెవర్నీ అడగక్కర్లేదు.

గురువారం రాశాను. చెప్పుకోకూడదు గానీ నా చరణాలు కుంటుతూనే ఉన్నాయి. తులిప్ పూలు పెట్టాను, ముట్టని బిస్కెట్టు పెట్టాను, ఊళ్లోవాళ్ల పండగలు పెట్టాను. ఎనిమిదోది రాస్తున్నప్పుడు మాత్రం చెయ్యి ఆగింది. ఇది రాస్తే నాకేమవుతుందో నాకు తెలుసు. టోపీ గుమ్మం పక్కన కొక్కేనికి వేలాడుతోంది. దాన్ని చూడకుండా రాసేశాను.

శుక్రవారం క్యాంటీనులో బల్లల మీద చిన్న జెండాలు, మధ్యలో కేకు. ట్రోల్స్ మాట్లాడాడు. లక్షల బిస్కెట్లు, అంకితభావం, ఒక్కరోజు ఆలస్యం లేదు, అలాంటివి. పొయ్యి దగ్గర పనిచేసే ఊవె అకార్డియన్ అందుకున్నాడు, అందరం పాడాం. తులిప్ పూలకి నవ్వారు, ముట్టని బిస్కెట్టుకి ఇంకా నవ్వారు. బోదిల్ మొహం ఎర్రబడి, కళ్లు కాగితం మీద పెట్టి, ఎక్కడ వరస తప్పిందో అక్కడ పెదవి కొరుక్కుంటూ వింది. ఎనిమిదోది వచ్చింది.

"ఏ కలా లేదన్నవాళ్లకి నీ కల పంచిచ్చావు,
పదకొండుమందిని సరంగుల్ని చేసి లైటు కింద నించున్నావు,
మేమెవ్వరం అడగలేదు, నువ్వూ చెప్పలేదు,
బల్లకట్టు నీది బోదిల్, తీసుకో, ఆలస్యమైంది."

సరంగు అన్న మాట రాగానే అలవాటు కొద్దీ కొందరు నా వైపు తిరిగి నవ్వారు. రెండో పంక్తికి ప్యాకింగ్‌లో ఒకామె పాడటం ఆపేసింది. ఆమె పక్కనున్నామె కూడా. ట్రోల్స్ కాగితం దగ్గరగా పెట్టుకుని మళ్లీ చదువుతున్నాడు, బహుశా వాళ్ల నాన్న చరణం గుర్తొచ్చింది. చివరికొచ్చేసరికి పాడుతున్నవాళ్లం నలుగురైదుగురం. ఊవె వాయించడం మానలేదు. తర్వాత పద్ధతి ప్రకారం మూడు పొట్టి హుర్రాలు, ఒక పొడుగు హుర్రా కొట్టాం. అంత నీరసమైన హుర్రా నేనెప్పుడూ వినలేదు.

బోదిల్ లేచింది. "ఆరో చరణంలో వరస తప్పింది" అంది. అందరూ ఊపిరి పీల్చుకుని నవ్వారు. మళ్లీ కూచుంది.

కేకు అయ్యాక ట్రోల్స్ మా బల్ల దగ్గరికొచ్చాడు. "బోదిల్, ఆ కెమెరా సంగతి. ఈ రోజే ఆఖరు" అన్నాడు.

"పొద్దునే జవాబు రాసి నీ బల్ల మీద పెట్టాను ట్రోల్స్. నేను ఉండను."

అంటే నా పాట వినక ముందే తేల్చుకుంది. ట్రోల్స్ నిజంగానే నొచ్చుకున్నాడు. "ఎందుకో అడగొచ్చా? ప్రతి ఏడూ నాలుగు వేశావు కదా."

"జాబితాలో పాట నా పేరున చూశాక కూచుని రాశా. నలభయ్యేళ్లకి రెండు చరణాలొచ్చాయి. ఇంకో రెండేళ్లుంటే మూడోది వస్తుందంటావా?"

"మరి ఏం చేస్తావు?" అన్నాను నేను.

"తెలీదు. బల్లకట్టు వాళ్లు అరవయ్యేళ్లదాన్ని తీసుకోరు. అది అయిపోయింది. ఎనిమిదేళ్లప్పుడు, దాన్ని నడిపే మా మామయ్య ఒకసారి దాని మీద మీట నొక్కనిచ్చాడు. గట్టు మీదకి పలక దిగింది, కార్లన్నీ దిగి వెళ్లిపోయాయి, బల్లకట్టు ఖాళీ అయిపోయింది. ఇంత పని చేశాం, అయిపోయింది అని కంటికి కనిపించింది. అంతే, ఇంకేం లేదు. ఇక్కడ ఎప్పుడూ అలా కనిపించలేదు." కప్పులు పోగు చేస్తూ చెప్పింది. ఆమె గొంతులో ఏడుపు లేదు, వట్టి అలసట ఉంది.

ఇద్దరం కప్పులు కడిగాం. ఆమె కడుగుతుంటే నేను తుడిచాను. కాసేపటికి తల తిప్పకుండానే అడిగింది. "అయితే ఐవిన్, నువ్వు నిజంగా ఏమవుదామనుకున్నావు?"

సరంగు అనబోయాను. నాలిక చివరి దాకా వచ్చింది. దాన్ని ఇప్పుడే కదా అందరి ముందూ ఆమెకిచ్చేశాను.

"విబేకెని అడుగు" అన్నాను.

"ఏడేళ్ల కిందటే అడిగా. ఇప్పుడు నిన్నడుగుతున్నా."

చాలాసేపు ఆలోచించాను. ఆమె తొందరపెట్టలేదు. కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, నా మొహం కేసి చూస్తూ నించుంది. నా జవాబు కోసం అలా ఎవరూ ఎదురు చూడలేదు. అయినా నా లోపల ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. ఆమె నా భుజం తట్టి వెళ్లిపోయింది.

నెలాఖరుకి బోదిల్ వెళ్లిపోయింది. ఆదివారాలు నేను రేవుకి పోవడం మానేశాను. టోపీ కొక్కేనికే ఉంది, విబేకె దాని ఊసెత్తదు. కెమెరా పక్క కుర్చీలో నన్ను కూచోబెట్టారు. మెత్తగానే ఉంది. కిందటి వారం ఆఫీసు కాగితం వచ్చింది, మీ పని మీకు తృప్తినిస్తోందా అని. చాలాసేపు పెన్ను పట్టుకుని కూచున్నాను. మూడు వేస్తే ట్రోల్స్ పిలుస్తాడు. కాఫీ పోసి, ఏం కావాలనుందో చెప్పమంటాడు. చెప్పడానికి నా దగ్గర ఏముంది?

నాలుగు వేశాను.